గిడుగు పంతులు, హైటెక్ సిటీల ‘మరియు’

ఆగస్టు 29 నాడు మన వాట్సాప్ గ్రూపులల్ల గిడుగు రామ్మూర్తి పంతులు ఫొటో తిరుగుతది. ఆ దినం తెలుగు భాషా దినోత్సవం, ఆయన పుట్టినరోజు. కింద ఒక దండం బొమ్మ, ఒక పువ్వు బొమ్మ పెడతరు. మాపటికల్ల మర్చిపోతరు. ఆయన ఎవరు, ఎవరితోటి కొట్లాడిండు, గెలిచిండా ఓడిండా అని అడిగితె చెప్పెటోళ్లు మన పోరగాండ్లల్ల తక్కువ. ఈ కాలమ్‌ల ఆయన కత చెప్తున్న. మాదాపూర్‌ల, గచ్చిబౌలిల బండ్ల మీద తిరిగేటోళ్లు, హాస్టళ్లల్ల ఇద్దరికొక మంచం చొప్పున పండుకునేటోళ్లు, కంప్యూటర్ల ముందు రాత్రి డ్యూటీ చేసెటోళ్లు ఓపికగ చదవాలె. ఎందుకంటె ఆయన కొట్లాట ఇంక ఒడువలె. అది ఇప్పుడు మీ ఫోన్‌ల నడుస్తున్నది.

1863ల శ్రీకాకుళం దిక్కు పర్వతాలపేట అనే ఊర్ల పుట్టిండు రామ్మూర్తి. తండ్రి వీర్రాజు విజయనగరం సంస్థానంల చిన్న ఉద్యోగి. 1875ల విషజ్వరం వచ్చి తండ్రి పోయిండు. అప్పటికి పిల్లగానికి పన్నెండేండ్లు. సుట్టాల ఆసరతోటి విజయనగరం మహారాజా బడిల చదివిండు. ఆ బడిల ఆయన తోటి విద్యార్థి గురజాడ అప్పారావు. 1879ల మెట్రిక్ పాసయి, మరుసటేడు పర్లాకిమిడి రాజావారి బడిల పంతులుగ కుదిరిండు. అప్పటికి పదిహేడేండ్లు కూడ నిండలె. కాలేజీకి పొయ్యే స్తోమతు లేదు. కొలువు చేస్కుంటనే ప్రైవేటుగ చదివి 1896ల బి.ఏ. పాసయిండు. మెట్రిక్ నుంచి డిగ్రీకి పదిహేడేండ్లు పట్టింది. ఓపెన్ డిగ్రీ రాస్తున్న తమ్ముండ్లు, చెల్లెండ్లు ఈ లెక్క యాదుంచుకోవాలె.

ఆయనకు బడిల నేర్పినది తక్కువ, సొంతంగ నేర్చుకున్నదె ఎక్కువ. పర్లాకిమిడికి దగ్గరనె ముఖలింగం గుడి ఉంటది. ఆ గోడల మీది శాసనాలు చదువుదామని పాత లిపులు తనంతట తనే నేర్చుకున్నడు. గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని ఆ రాళ్ల సాక్ష్యం తోటి వాదించిండు. చరిత్ర పాఠం చెప్పే పంతులు పుస్తకం మూసి గోడ చదివిండన్నమాట.

ఇంక సవరల సంగతి. పర్లాకిమిడి సుట్టు కొండలల్ల సవరలుంటరు. సంతకు కట్టెలు, పసుపు, చింతపండు మోసుకొచ్చి షావుకార్ల కాడ మోసపోయి పోతుండె. వాళ్ల భాష తెలుగుకు సుట్టం కాదు, ఒడియాకు సుట్టం కాదు. అది ముండా భాషల ఇంటిది, యాడనో దూరాన ఉన్న ఖ్మేర్, వియత్నామీస్ భాషలకు అక్కచెల్లెలు వరుస. ఆ భాషకు అప్పటికి రాత లేదు, పుస్తకం లేదు, నిఘంటువు లేదు. పంతులు ఏం చేసిండంటె, తెలుగు, సవర రెండూ వచ్చిన మనిషిని ఇంట్లనె పెట్టుకొని మాట మాట నేర్చుకున్నడు. కొండలెక్కిండు. అక్కడి మలేరియా ఆయనకూ సోకింది. జ్వరానికి క్వినైన్ మీద క్వినైన్ మింగి మింగి చెవులు చెడిపోయినయి. జనం నోట్ల మాట వినాలని పోయిన మనిషికి వినుడె పోయింది. అయినా ఆగలె. తెలుగు అక్షరాలతోటి సవర వాచకాలు, కతల పుస్తకాలు, పాటల పుస్తకాలు తయారు చేసిండు. సొంత పైసలతోటి సవర పిల్లలకు బడులు పెట్టిండు. 1911ల మద్రాసు సర్కారు ఆ పుస్తకాలు అచ్చేసి పైసలిస్తమంటె, నాకొద్దు, ఆ పైసలతోటి బడి పెట్టమన్నడు. 1913ల రావు బహద్దూర్ బిరుదిచ్చిన్రు. బిరుదు సర్కారుకు గొప్ప. నాకైతె ఆ క్వినైన్ గోలీలె పెద్ద బిరుదు లెక్క కొడతది.

నా లెక్కల, ఆయన తెలుగు కొట్లాటకు విత్తనం ఈ సవర గుడిసెలల్లనె పడ్డది. రాత లేని భాష నేర్చుకునేటోనికి పండితుని నిఘంటువు దొరకదు. మనిషి నోరొక్కటే దిక్కు. ఆ నోరు తప్పు అని అనలేవు, ఎందుకంటె అంతకు మించిన ప్రమాణం లేదు. సవర భాషకు ఇది నిజమైతె తెలుగుకెందుకు నిజం కాదు? ఈ ప్రశ్న ఒకసారి మనసుల పడ్డంక మనిషి మల్ల మామూలు పంతులుగ ఉండలేడు.

అప్పటి బడి తెలుగు ఎట్లుండెనో ఇప్పటి పిల్లలకు తెల్వదు. చిన్నయ సూరి 1858ల బాలవ్యాకరణం అచ్చేసిండు. గొప్ప పండితుడు, అందుల అనుమానం లేదు. కని ఆ పుస్తకం పాత కవుల భాషకు రాసిన చట్టం. బడులల్ల దాన్ని బతికున్న పిల్లల మీదికి తోలిన్రు. ఇంట్ల ఒక భాష, వీధిల ఒక భాష, పరీక్షల ఇంకో భాష. 1906, 07 ఆ ప్రాంతంల జె.ఏ. యేట్స్ అనే ఇంగ్లీషాయన ఉత్తర కోస్తా బడులకు ఇన్‌స్పెక్టర్‌గ వచ్చిండు. బయట జనం మాట్లాడే తెలుగుకు, బడిల చెప్పే తెలుగుకు ఇంత ఎడమెందుకని ఆయనకు అనుమానం పుట్టింది. జవాబు చెప్పెటోళ్లు ఇద్దరు దొరికిన్రు: గురజాడ, గిడుగు. విశాఖపట్నం ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్ తోడయిండు. పండితుల దిక్కు నుంచి జయంతి రామయ్య పంతులు నిలవడ్డడు. 1911ల మద్రాసుల ఆంధ్ర సాహిత్య పరిషత్తు పుట్టింది. మధ్యల కొన్నేండ్లు స్కూల్ ఫైనల్ పరీక్షల వాడుక భాషల రాసుకోవచ్చన్న వెసులుబాటు వచ్చింది. పండితులు లొల్లి లొల్లి చేసిన్రు, సర్కారు వెనక్కి తగ్గింది. 1915ల గురజాడ పోయిండు. గిడుగు ఇంచుమించు ఒక్కడయిండు.

ఇక్కడ వ్యాకరణం ముచ్చట కొంచెం చెప్పాలె. భయపడకున్రి, పరీక్ష పెట్టను.

రెండు మాటలను కలిపే పని చూడున్రి. గ్రాంథికంల రాముడును లక్ష్మణుడును వచ్చిరి అని రాస్తరు. మాట్లాడేటప్పుడు ఆ ‘ను’ కరిగిపోయి చివరి అచ్చు సాగింది: రాముడూ లక్ష్మణుడూ వచ్చిన్రు. మన తెలంగాణ ఊర్లల్ల అదీ అక్కర్లేదు, నేను మా అన్న ఇద్దరం పోయినం అంటం. ఆ ‘ఇద్దరం’ అనే మాటనే ముడి ఏస్తది. పనులను కలపాలంటె అసలు ముడి మాటనె ఉండదు. పొద్దుగాల లేసి, మొకం కడుక్కొని, చాయ తాగి, మెట్రో ఎక్కి, రాయదుర్గంల దిగిన. ఐదు పనులు, కలిపే మాట ఒక్కటి లేదు. లేసి, తాగి, ఎక్కి అనే రూపాలల్లనె ముడి ఉన్నది. ఇంక కాబట్టి, అయితే, అయినా, కానీ ఇవన్నీ ఎక్కన్నుంచి వచ్చినయి? అన్నిటిల ‘అగు’ అనే క్రియనె దాగున్నది. ఎందుకంటె, అని, అంటె ఇవి ‘అను’ అనే క్రియ పిల్లలు. లేదా అంటె ‘లేదు’ తోక కు ప్రశ్న తగిలింది. అంటె మన భాష ముడి మాటలను బయటినుంచి కొనలె, క్రియలనుంచి ఇంట్లనె పేనుకున్నది. మోదుగు నారతోటి తాడు పేనినట్టు.

మరి ‘మరియు’? ఆ మాట పాత పుస్తకాలల్ల ఉన్నది. ఇంకా, అదిగాక అనే అర్థంతోటి వస్తది. ఇంగ్లీషు ‘అండ్’ ఎక్కడుంటె అక్కడ దాన్ని దిగ్గొట్టుడు మాత్రం తర్జుమాల పుణ్యం. మీ అమ్మ ఎన్నడన్న ఉప్పు మరియు కారం తెమ్మన్నదా?

హైటెక్ సిటీల ఈ మాట ఎందుకింత బలిసిందో నాకొక సాఫ్ట్‌వేర్ తమ్ముడు చెప్పిండు. యాప్‌ల వాక్యం మొత్తం ఒకసారి రాయరు, ఖాళీలు పెట్టి రాస్తరు. ఫలానా పేరు, మధ్యల ‘అండ్’, తర్వాత ఇంకో మూడు పేర్లు. ఆ ఖాళీల సురేష్ వస్తడో, లక్ష్మి వస్తదో కోడ్‌కు ముందు తెల్వదు. తెలుగుల కలపాలంటె పేరు చివరి అచ్చు సాగాలె: సురేషూ, లక్ష్మీ. తెల్వని పేరు చివర ఎట్ల సాగదీస్తరు? అందుకని విడిగ నిలబడే ‘మరియు’ను తెచ్చి నడుమల పాతిన్రు. ఇంగ్లీషు తొడుగుల తెలుగు కాలు ఇరికిచ్చుడన్నట్టు. సురేష్‌తో పాటు ఇంకో ముగ్గురు అని రాస్తె పేరుకు ఏ మార్పూ అక్కర్లేదు, ఖాళీ ఖాళీగనె ఉంటది, తెలుగు తెలుగుగనె ఉంటది. ఆలోచించేటోడు ఉండాలె. తర్జుమా చేసేటోనికి మాటకింత అని పైసలు, ముందు వెనక వాక్యం కనవడది. ఆయన్నెట్ల అంటం?

ఇది అందం ముచ్చట అయితె నేను ఇంత దూరం రాయకపోదును. నాగర్‌కర్నూల్ దిక్కు నుంచొచ్చి కొండాపూర్‌ల డెలివరీ బండి తోలే ఒక తమ్ముడు నా దగ్గరికి ఫోన్ పట్టుకొచ్చిండు. వారం ఇన్సెంటివ్ పడలె. యాప్‌ల తెలుగు నిబంధన చూపించిండు. ఆర్డర్ రద్దు చేసినచో మరియు/లేదా ఆలస్యం చేసినచో ప్రోత్సాహకం వర్తించదు అని ఉన్నది. వాడు ఆ వారం ఒక్క ఆర్డర్ కూడ రద్దు చెయ్యలె, వానల ఆలిశెం మాత్రం అయింది. ‘మరియు’ ఉన్నది గద, రెండు తప్పులు జరిగితెనె పైసలు పోతయి అనుకున్నడు. వాడు బడిల చదివిన తెలుగు ప్రకారం వాని లెక్క తప్పు కాదు. కంపెనీ లెక్క వేరె: ఏ ఒక్కటి జరిగినా కోత. ఇంగ్లీషుల ఆ గీత పెట్టి రాసె రెండు మాటలు వకీళ్ల అలవాటు, అక్కడనె దాని మీద పంచాయితి ఉంటది. దాన్ని తెచ్చి మన నెత్తిన పెట్టిన్రు. అదే ముక్క మన మాటల చెప్తె ఎట్లుంటదో చూడున్రి: రద్దు చేసినా, ఆలిశెం చేసినా పైసలు రావు. ఈ ‘నా, నా’ తోటి ఏ ఒక్కటైనా అని పసిపిల్లగానికి కూడ అర్థమయితది. రెండూ జరిగితెనె కోత అని చెప్పాలంటె రద్దు చేసుడే గాక ఆలిశెం కూడ చేస్తె అంటం. మన నోటి భాషల ఉన్నంత పక్కా లెక్క ఆ నిబంధనల భాషల లేదు. వాని పైసలు మాత్రం తిరిగి రాలె.

గిడుగు పరిషత్తు పండితులను కొట్టింది గిట్లాంటి దెబ్బతోటె. వాడుక భాష తేలిక, జాలి పడున్రి అని ఆయన అడుక్కోలె. మీ గ్రాంథికం మీకె రాదు అన్నడు. ఉత్తగనె అనలె, పెద్ద పెద్ద పండితుల పుస్తకాలు తీసి వాళ్ల వ్యాకరణం ప్రకారమె తప్పులు ఏరి చూపించిండు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం అని పుస్తకమె రాసిండు, పేరులనె వెటకారం ఉన్నది. తణుకుల పరిషత్తు సభల గంటల తరబడి ఉదాహరణ మీద ఉదాహరణ చదివిండు. 1919ల కందుకూరి వీరేశలింగం అధ్యక్షుడు, గిడుగు కార్యదర్శిగ వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పెట్టిన్రు. ఒకప్పుడు గ్రాంథికం రాసిన వీరేశలింగమె ముసలితనంల ఇటు వచ్చిండంటె అది గిడుగు గెలుపు. కని ఆ ఏడు మే నెలలనె వీరేశలింగం పోయిండు. అదే ఏడు ‘తెలుగు’ అని పత్రిక పెట్టిండు గిడుగు, ఎక్కువ దినాలు నడవలె. చేతి పైసలు ఎన్ని దినాలొస్తయి?

ఈ లొల్లి మనకొక్కలకె కాదు. యూరప్‌ల ఉత్తర మాసిడోనియా అని చిన్న దేశం ఉన్నది. గిడుగు ఇక్కడ ఆలోచిస్తున్న దినాలల్లనె, 1903ల, క్రస్తె మిసిర్కోవ్ అనేటాయన మా జనం మాట్లాడే యాసనె మా రాత భాష కావాలె అని పుస్తకం రాసిండు. పక్క దేశాలోళ్లు అది భాషనె కాదన్నరు. 1944ల గాని అది అధికార భాష కాలె, 1945ల అక్షరమాల ఖాయమయింది. మిసిర్కోవ్ 1926లనె పోయిండు, చూడలేకపోయిండు. వాళ్ల భాషల ఇంగ్లీషు ‘అండ్’ పనిని రెండు చిన్న మాటలు పంచుకుంటయి: ‘ఇ’, ‘అ’. ఉత్త కలుపుడికి ‘ఇ’, ఇటు ఒకటి అటు ఒకటి అని పోల్చి చెప్పనీకి ‘అ’. నేను పనిల ఉన్న, వాడేమో పండుకున్నడు అంటం చూడున్రి, ఆ ‘ఏమో’ చేసే పని వాళ్లకు ‘అ’ చేస్తది. రెండింటిని ఒక్క ‘మరియు’ల పోస్తె ఆ తేడా మునిగిపోతది. చిన్న మాటలల్లనె భాష ప్రాణం ఉంటదని ఇట్లాంటివి చూస్తె తెలుస్తది.

ఇప్పుడు గిడుగు గురించి ఒక చేదు ముచ్చట. ఆయన అడిగిన వాడుక భాష అందరి నోటి భాష కాదు. చదువుకున్నోళ్లు, పెద్దమనుషులు మాట్లాడే భాష. శిష్ట వ్యావహారికం అన్నరు. ఆ శిష్టుల లిస్టుల ఎవరున్నరు? కోస్తా జిల్లాల పై కులాల చదువరులు. పాలమూరు రైతు లేడు, నల్లగొండ గొల్లాయన లేడు, మాదిగవాడ అమ్మ లేదు. అప్పటికి మనం నిజాం రాజ్యంల ఉన్నం, మన బడులు ఉర్దూల నడుస్తుండె. తెలుగు పేపరు చదువుడె గొప్ప. 1926ల సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక పెట్టిండంటె అదొక తిరుగుబాటు. తర్వాత 1956ల రెండు ప్రాంతాలు కలిసినంక ఆ శిష్టుల వాడుకనె పేపర్ల భాష, రేడియో భాష, సినిమా హీరో భాష అయింది. మన యాస కమెడియన్‌కు, రౌడీకి పోయింది. కాళోజీ బడి పలుకుల భాష కాదు, పలుకుబడుల భాష గావాలని గుంజులాడింది దీని మీదనె. ఆయన పుట్టిన సెప్టెంబర్ 9 మనకు తెలంగాణ భాషా దినోత్సవం అయింది. ఆగస్టు 29కి, సెప్టెంబర్ 9కి నడుమ పదకొండు దినాలె ఎడం. ఆ పదకొండు దినాలల్ల ఒక ప్రాంతం అవమానమంత ఇమిడి ఉన్నది.

అయితె ఇది గిడుగు మీద కేసు పెట్టనీకి కాదు. జనం నోరె ప్రమాణం అనే ఆయుధం చేసింది ఆయనె. దాన్ని ఆయన అనుచరులు ఒక గడప కాడ ఆపిన్రు. కాళోజీ, ఆయన వెనక మనం ఆ గడప దాటినం. సవర గుడిసెల కూసున్న గిడుగు మన దిక్కున్నట్టే నాకు అనిపిస్తది. సభల నిలవడ్డ గిడుగు కొంచెం అటు దిక్కు.

గచ్చిబౌలిల ఇప్పుడు హైదరాబాద్ యూనివర్సిటీ ఉన్నది, భాషల మీద పని చేసేటోళ్లు అక్కడున్నరు. తెలుగు యాసల మీద, వ్యవసాయం, చేనేత మాటల మీద నిఘంటువులు చేయించిన భద్రిరాజు కృష్ణమూర్తి ఆ యూనివర్సిటీకి వైస్ చాన్సలర్‌గ ఉండె. దగ్గరనె 1998ల పెట్టిన ట్రిపుల్ ఐటీ ఉన్నది, మన భాషల నడుమ మిషన్ తర్జుమా మీద ఏండ్లకేండ్లు పని చేస్తున్నరు. అదే 1998 నవంబర్‌ల సైబర్ టవర్స్ తెరిచిన్రు. అంటె తెలుగు మాట గురించి ఎరుక ఉన్నోళ్లు, తెలుగు యాప్‌లు చేసెటోళ్లు, ఆ యాప్‌లతోటి బతికెటోళ్లు కొన్ని కిలోమీటర్ల లోపలనె ఉన్నరు. ముగ్గురు ఒక్క కాడ కూసుంటలేరు. మీలోపట ఎవరన్న అనువాదం పనిల, డేటాకు పేర్లు పెట్టే పనిల ఉంటె, ‘మరియు’ కనవడ్డ కాడ ఒక్క నిమిషం ఆగి, ఇది మా అమ్మ ఎట్లంటది అని అడుగున్రి. రిపోర్ట్ బటన్ ఉంటె ఒత్తున్రి. ఉద్యమం అంటె ఎప్పుడూ జెండానె కాదు.

పంతులు ఆఖరి ఏండ్లు చెప్పి ముగిస్త. 1931ల సవర భాష వ్యాకరణం ఇంగ్లీషుల అచ్చయింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డది. పర్లాకిమిడి అటు పోయింది. తెలుగోళ్లున్న ఊరును అటు కలుపుడు ఆయన ఒప్పుకోలె. యాభై ఏండ్లకు పైగ బతికిన ఊరు, సవర కొండలు, ఇల్లు ఇడిచిపెట్టి, డెబ్బై మూడేండ్ల వయసుకు దగ్గరవడ్డ మనిషి, చెవులు వినరాని మనిషి, రాజమండ్రికి వచ్చిండు. 1938ల ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. అదే ఏడు సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డది. కొండలకు దూరమైనంక కూడ ఆ మాటల మూట దించలేదన్నట్టు.

ఆయన ఇడిచి వచ్చిన ఆ 1936లనె మంగై గొమాంగో అనే సవరాయన వాళ్ల భాషకు సొరాంగ్ సొంపెంగ్ అని సొంత లిపి తయారు చేసిండు. బయటి పంతులు తెలుగు అక్షరాలు ఇచ్చిండు, ఇంటి మనిషి సొంత అక్షరాలు చేసుకున్నడు. 2012ల ఆ లిపి యూనికోడ్‌ల చేరింది.

1940 జనవరి 15న మద్రాసుల ప్రజామిత్ర పత్రిక ఆఫీసుల పత్రికలోళ్ల ముందు ఆఖరిసారి మాట్లాడిండు గిడుగు. గ్రాంథికం మీద జనానికి మోజు తగ్గింది గని, సర్కారు చదువుల శాఖ, యూనివర్సిటీలు ఇంక ఇడుస్తలేవని బాధపడ్డడు. మీరు పూనుకుంటె మారుతదని పత్రికలోళ్లను అడిగిండు. వారం దినాలకు, జనవరి 22న, పోయిండు. బడి పుస్తకాలల్ల వాడుక తెలుగు నిలవడనీకి ఆ తర్వాత ఇంక దశాబ్దాలు పట్టింది.